రిమోట్ పలకదు, తాళం తిరగదు: కారు డోర్ లాకుల్లో తప్పు ఎక్కడ వెతకాలి

మేడారం పోయి, తల్లులకు మొక్కు చెల్లించి, రాత్రి పొద్దుపోయాక కారు నిలిపిన పొలం దగ్గరికి వచ్చారనుకోండి. దుమ్ము కొట్టుకుపోయిన కారు ముందు నిలబడి రిమోట్ నొక్కితే చప్పుడు లేదు, ఇండికేటర్ వెలగదు. జంపన్న వాగులో స్నానం చేసేటప్పుడు జేబులో ఉండి తడిసిందో, సెల్ అయిపోయిందో, ఏదైతేనేం, ఇప్పుడు పనిచేయడం లేదు. సరే, కీతోనే తీద్దామని డ్రైవర్ డోర్‌కున్న కీ హోల్‌లో పెడితే సగం దాకా దిగి ఆగిపోతుంది, లేదంటే పూర్తిగా దిగి కూడా తిరగదు. పిల్లలు నిద్రకు తూగుతుంటారు, వరంగల్ ఇంకా వంద కిలోమీటర్లు. ఆ టెన్షన్‌లో గట్టిగా తిప్పుతారు, కీ విరుగుతుంది.

తప్పంతా రిమోట్‌దే అనుకుంటాం. కానీ రిమోట్ ఆగింది ఆ రోజే, తాళం బిగుసుకుపోయింది మాత్రం ఏనాడో. రిమోట్ పనిచేసినన్నాళ్లు ఆ సంగతి బయటపడలేదు, అంతే. కారు లాకులతో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటి కథ ఇదే. ఒక్క రోజులో చెడిపోయేవి తక్కువ, వారాల ముందు నుంచే ఏదో ఒక సూచన ఇస్తుంటాయి. ఆ సూచన ఏ భాగం నుంచి వస్తోందో పోల్చుకోగలిగితే సగం పని ఇంటి దగ్గరే అయిపోతుంది, మిగతా సగానికి షెడ్డుకు పోయినా ఏం చెడిందో మనమే చెప్పగలుగుతాం.

పాత కార్లకు ముందు రెండు డోర్లకీ కీ హోల్స్ ఉండేవి, రోజుకు పదిసార్లు కీ తిరిగేది కాబట్టి లోపల దుమ్ము నిలవడానికి సందు ఉండేది కాదు. ఇప్పటి కార్లలో చాలావాటికి డ్రైవర్ డోర్‌కు ఒక్కటే ఉంటుంది, కొన్నింటికి అది కూడా హ్యాండిల్ పక్కన చిన్న ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటుంది. కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా అందులో కీ పెట్టని వాళ్లు ఎందరో. లోపలేమో వరుసగా సన్నటి ఇత్తడి పలకలు, ఒక్కో పలక వెనుక వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటాయి. కీ మీద ఉండే గాట్లు ఆ పలకలన్నిటినీ ఒకే మట్టానికి తెస్తేనే సిలిండర్, అంటే కీతో పాటు తిరిగే లోపలి గుండ్రటి భాగం, తిరుగుతుంది. ఒక్క పలక ఎక్కడో ఒకచోట అంటుకుపోయినా మీ చేతిలో ఉన్నది అసలు కీ అయినా సరే, తాళానికి మాత్రం పరాయి కీయే.

మన దగ్గర దుమ్ముకు కొదవ లేదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల పొడి, గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు బొగ్గు నుసి, పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ దారిలో గాలికి ఎగిరే పత్తి పీచు, ఇవన్నీ ఏదో ఒక మేరకు ఆ రంధ్రంలోకి చేరతాయి. పొడి దుమ్ము ఒక్కటే అయితే అంత నష్టం చేయదు, కీ నాలుగుసార్లు ఆడిస్తే రాలిపోతుంది. కష్టమంతా మనం పోసే నూనెతో మొదలవుతుంది. తాళం బిగుసుకుంది అనగానే ఇంట్లో చేతికందేది కొబ్బరినూనె, లేదా కుట్టుమిషన్ నూనె. పోసిన రోజు హాయిగా తిరుగుతుంది, అందుకే దాని మీద అంత నమ్మకం. కానీ నూనె దుమ్మును పట్టేసి నెల తిరిగేసరికి జిగురు ముద్ద చేస్తుంది. కొబ్బరినూనెతో ఇంకో చిక్కు ఉంది, అది 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. చలికాలంలో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, అప్పుడు ఆ సిలిండర్‌లో ఉండేది నూనె కాదు, గడ్డ. గ్రీజు అయితే మరీ వద్దు, అది డోర్ అంచులో ఉండే కొక్కానికి పనికొస్తుంది గానీ కీ హోల్‌కు కాదు.

చేయాల్సింది ముందు కడగడం, తర్వాతే కందెన. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే గొట్టాన్ని కీ హోల్‌లో పెట్టి కొద్దిగా కొట్టి, కీని పదిసార్లు పెట్టి తీసి, ప్రతిసారీ గుడ్డతో తుడవాలి. మొదట నల్లటి మడ్డి వస్తుంది, కీ శుభ్రంగా బయటికి వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఈ స్ప్రే మడ్డిని కరిగించడానికే, ఎక్కువ కాలం నిలిచే కందెన కాదు, ఇది చాలామంది పట్టించుకోరు. అది ఆరాక గ్రాఫైట్ పొడి గానీ, తడి లేకుండా ఆరిపోయే పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) స్ప్రే గానీ వాడితే దుమ్ము పట్టుకోదు. అవేవీ దొరక్కపోతే పెన్సిల్ ముక్కును కీ గాట్ల మీద బాగా రుద్ది లోపలికి పంపినా కొంత పని జరుగుతుంది, పెన్సిల్ ముక్కులో ఉండేది మట్టి కలిపిన గ్రాఫైటే. ఆ తర్వాత నెలకోసారి రిమోట్ పక్కన పెట్టి, కీతోనే వేసి కీతోనే తీయండి. తాళం ఆడుతూ ఉండాలంటే ఇంతకుమించి పెద్ద వైద్యం లేదు.

కీ విరిగి ముక్క లోపల ఉండిపోతే, మిగతా ముక్కకు ఫెవిక్విక్ రాసి అతికించి లాగుదామనే ఆలోచన దయచేసి మానుకోండి. జిగురు పలకల మధ్యకు కారితే సిలిండర్ మొత్తం మార్చాల్సిందే. రెండో కీతో ముక్కను లోపలికి తోయడం కూడా అంతే ప్రమాదం. సిలిండర్ కీ పెట్టే నిలువు స్థితిలో ఉందో లేదో ముందు చూడాలి, కొద్దిగా పక్కకు తిరిగి ఉంటే పలకలు ముక్కను పట్టేసి ఉంచుతాయి, ఎంత లాగినా రాదు. నిలువుకు తెచ్చాక స్ప్రే కొట్టి, సన్నని రంపపు బ్లేడు ముక్కతో గాటు పట్టి మెల్లగా బయటికి జరపాలి. చేయి కుదరకపోతే తాళాలు చేసే అతన్నే పిలవండి.

కీ దిగుతుంది గానీ తిరగడం లేదంటే తప్పు కీలో ఉందా, సిలిండర్‌లో ఉందా తేల్చడం తేలికే, ఇంట్లో బీరువాలో వాడకుండా పడి ఉన్న రెండో కీ తెచ్చి పెట్టి చూడండి. అది సాఫీగా తిరిగితే రోజూ వాడే కీ అరిగిందని అర్థం. రిమోట్ ఉన్న కార్లలో కీని రోజూ అరగదీసేది డోర్ కాదు, ఇగ్నిషన్. ఇగ్నిషన్ పలకలూ కీతో పాటే అరుగుతాయి కాబట్టి అక్కడ పని నడుస్తూనే ఉంటుంది, డోర్ సిలిండర్ మాత్రం కొత్తగానే ఉండి అరిగిన కీని ఒప్పుకోదు. అందుకే ‘బండి స్టార్టవుతోంది, డోర్‌కు మాత్రం పట్టడం లేదు’ అనే ఫిర్యాదు అంత తరచుగా వినిపిస్తుంది. ఇక్కడే ఇంకో తప్పు చేస్తారు, ఆ అరిగిన కీనే చౌరస్తాలో డూప్లికేట్ చేసే అతని చేతిలో పెట్టి దానికే నకలు తీయిస్తారు. మిషన్ ఉన్నది ఉన్నట్టు కోస్తుంది, అరుగుదల కూడా నకలవుతుంది, నకలుకు నకలు తీస్తే ఇంకా దారుణం. డూప్లికేట్ ఎప్పుడూ వాడని కీ నుంచే తీయించాలి. కొత్త కారుతో ఇచ్చే కీ గుత్తికి నంబరు చెక్కిన చిన్న రేకు ముక్క ఉంటే దాన్ని పారేయకండి, ఆ నంబరుతో షోరూమ్ వాళ్లు అసలు కొలతకే కొత్త కీ కోసిస్తారు. అలాగే ఇంటి తాళాలు, షాపు తాళాలు, బోరు మోటారు డబ్బా తాళం అన్నీ కారు కీకే వేలాడదీస్తే ఆ బరువంతా రోజూ ఇగ్నిషన్‌ను కిందికి లాగుతూ ఉంటుంది.

ఇగ్నిషన్‌లో కీ అసలే తిరగకపోతే భయపడే ముందు స్టీరింగ్‌ను కొద్దిగా కుడికీ ఎడమకీ ఆడిస్తూ కీ తిప్పండి, చాలాసార్లు అది స్టీరింగ్ లాక్ తప్ప వేరేం కాదు. ఆటోమేటిక్ కారులో కీ బయటికి రాకపోతే గేరు పార్క్‌లో ఉందో లేదో చూడండి.

ఇక డోర్ సంగతి. డోర్ తెరుచుకోవడం అంటే ఒక గొలుసు పని: హ్యాండిల్ లాగితే సన్నని ఇనుప కడ్డీ లేదా కేబుల్ కదలాలి, అది డోర్ అంచులోని లాక్ అసెంబ్లీని విడిపించాలి, అప్పుడు బాడీకి ఉన్న స్ట్రైకర్‌ను, అంటే ఇనుప కొండీని, కొక్కెం వదలాలి. ఎక్కడ తెగిందో లక్షణమే చెబుతుంది. లోపలి నుంచి తెరుచుకుంటూ బయటి నుంచి రాకపోతే, హ్యాండిల్ చేతిలో వదులుగా ఊగుతుంటే, బయటి హ్యాండిల్ కడ్డీని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్ ఊడింది లేదా హ్యాండిల్ విరిగింది. ఎండాకాలం రామగుండం లాంటి చోట్ల 45 డిగ్రీల ఎండలో రోజంతా నిలబడే కార్లలో ఆ ప్లాస్టిక్ పెళుసెక్కడం మామూలే. చిన్న క్లిప్‌కే పోయే పనికి మొత్తం లాక్ అసెంబ్లీ మార్చాలని షెడ్డువాళ్లంటే, డోర్ ప్యాడ్ విప్పి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వెనక డోర్ బయటి నుంచి తెరుచుకుంటూ లోపలి నుంచి రాకపోతే ముందు చైల్డ్ లాక్ చూడండి, డోర్ తెరిస్తే దాని అంచులో చిన్న మీట ఉంటుంది, కారు కడిగేటప్పుడో పిల్లలు ఆడుకునేటప్పుడో అది పక్కకు జరిగి ఉంటుంది. కీ మాత్రం సాఫీగా తిరుగుతూ లాక్ కదలకపోతే సిలిండర్ వెనుక కడ్డీ ఊడినట్టు.

డోర్ వేస్తే పడకుండా తిరిగి బయటికి వచ్చేస్తుంటే చాలామంది ఇంకా గట్టిగా కొడతారు. ఒక్క నిమిషం ఆగి డోర్ అంచులో కొక్కాన్ని చూడండి. డోర్ తెరిచి ఉండగానే అది మూసుకున్న స్థితికి తిరిగిపోయి ఉంటుంది, బయటి హ్యాండిల్ లాగి పట్టుకుని వేలితోనో స్క్రూడ్రైవర్‌తోనో వెనక్కి తిప్పితే టక్కున తెరుచుకుంటుంది. మెల్లగా, బరువుగా కదిలితే లోపల గ్రీజు ఎండిపోయింది, పాతది తుడిచి తెల్ల లిథియం గ్రీజు పెడితే సరిపోతుంది. కొక్కెం బాగానే ఉండి డోర్‌ను పైకెత్తి వేస్తేనే పడుతుంటే అది హింజీల వదులు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు డోర్ మీద బరువంతా మోపి ఎక్కీ దిగీ ఉండే ఇళ్లలో ఇది కనబడుతుంది. వాళ్లను డోర్ కాకుండా లోపలి పిడి పట్టుకోమనాలి. ముందు హింజీలు సరిచేయించాలి. స్ట్రైకర్ జరపడం ఆ తర్వాతి మాట. జరిపేటప్పుడు పాత స్థానం చుట్టూ పెన్నుతో గీత గీసి ఉంచితే మళ్లీ వెనక్కి రావచ్చు.

సెంట్రల్ లాకింగ్ దగ్గరికి వస్తే చెవులతో పని. బటన్ నొక్కి నాలుగు డోర్లనూ వినండి. నాలుగూ మౌనంగా ఉంటే నాలుగు మోటార్లూ ఒకేరోజు పోవు, ఫ్యూజు చూడాలి, లేదా కారు బ్యాటరీ దిగిపోయి ఉండాలి. ఒక్క డోర్ మాత్రమే పలకకపోతే ఆ డోర్ మోటారో, దాని వైరో. టకటక చప్పుడు వస్తూ బటన్ సగమే కదిలితే మోటారు లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగాయి, లేదా లాక్ అసెంబ్లీ బిగుసుకుని మోటారు దాన్ని లాగలేకపోతోంది. రెండోది అయితే గ్రీజుతో పోతుంది, మోటారు మార్చినా పోదు, మార్చేముందు ఇది తేల్చుకోవాలి. లాక్ పడి వెంటనే అన్నీ తెరుచుకుంటుంటే ఏదో ఒక డోర్ సరిగా పడలేదని కారు అనుకుంటోంది, లేదా డ్రైవర్ డోర్‌లోని స్విచ్ తప్పుడు కబురు ఇస్తోంది. బయట పెట్టించే కిట్లలో డ్రైవర్ డోర్‌కు ఐదు వైర్ల మోటారు, మిగతా వాటికి రెండు వైర్లవి ఉంటాయి, ఆ అదనపు వైర్లు డోర్ లాక్ అయిందా లేదా చెప్పడానికే. అందుకే డ్రైవర్ మోటారు చెడితే నాలుగూ తికమక పడతాయి. డోర్ సగం తెరిచినప్పుడు పనిచేసి, మూస్తే ఆగిపోతుంటే డోర్‌కూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో వైరు తెగింది. ఏళ్ల తరబడి మడత పడీ పడీ లోపల రాగి తెగుతుంది, పై తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. చేను దగ్గరో, వడ్ల బస్తాల పక్కనో నిలిపే కార్లయితే ఎలుకల పని కూడా కావచ్చు.

వానాకాలం కథ వేరు. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, హనుమకొండ నయీంనగర్, హంటర్ రోడ్డు కాలనీలు మునిగాయి. అలా మునిగిన కార్లలో ఇంజిన్, సీట్లు అందరూ చూసుకుంటారు, డోర్ల కడుపులోని బురద మాత్రం అలాగే ఉండిపోతుంది. మునగకపోయినా అద్దం సందుల్లోంచి డోర్‌లోకి ప్రతి వానకూ నీళ్లు దిగుతాయి, అలా దిగేలాగే వాటిని తయారు చేస్తారు, అడుగున రంధ్రాలుండి బయటికి పోతాయి. మట్టి రోడ్ల బురద ఆ రంధ్రాలను పూడ్చేస్తే నీళ్లు లోపలే నిలిచి, ఆ తేమకు లాక్ అసెంబ్లీ, స్ప్రింగులు తుప్పు పడతాయి, మోటారు కనెక్షన్లు పచ్చబడతాయి. డోర్ ఊపినప్పుడు గుడగుడ చప్పుడు వస్తే నీళ్లున్నట్టే. డోర్ కింది అంచున తడిమితే రంధ్రాలు తెలుస్తాయి, చీపురుపుల్లతో తీసేయొచ్చు. లాకుల కోసం ఒక్క పనే చేసే ఓపిక ఉంటే, జూన్ మొదట్లో ఈ పని చేయండి.

రిమోట్‌లో తొంభై తొమ్మిది రకాల భయాలు పెట్టుకోవద్దు, ముందు సెల్ మార్చండి. ఇరవై అడుగుల నుంచి పనిచేసేది ఇప్పుడు డోర్ పక్కన నిలబడితేనే పలుకుతోందంటే సెల్ అయిపోవస్తోంది. చాలావాటిలో ఉండేది సీఆర్2032, మూడు వోల్టులు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. షాపులో సీఆర్2025 ఇస్తే వెడల్పు అదే గానీ మందం 2.5 మాత్రమే, వదులుగా కూర్చుని ఒకసారి పనిచేసి ఒకసారి ఆగుతుంది, పాత సెల్ మీద నంబరు చూసి అదే అడగండి. ఒకేచోట పనిచేయక మిగతా అన్నిచోట్లా పనిచేస్తుంటే రిమోట్‌ది తప్పు కాదు, అక్కడ అదే తరంగాల మీద ఇంకేదో మాట్లాడుతోంది. నీళ్లలో పడితే వెంటనే విప్పి సెల్ తీసేసి, నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి, నొక్కి నొక్కి చూస్తేనే లోపల షార్ట్ అవుతుంది.

రిమోట్ చచ్చినా కీ పెట్టి తిప్పే కారు స్టార్టవుతుంది, ఎందుకంటే పరాయి కీతో ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ కోసం కీలో ఉండే చిప్‌కు సెల్ అక్కర్లేదు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగ చుట్ట నుంచే దానికి కరెంటు అందుతుంది. పుష్ బటన్ కార్లలో కూడా చాలావాటికి రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే స్టార్టవుతుంది, డోర్ తీయడానికి రిమోట్ లోపలే సన్నని ఇనుప కీ దాగి ఉంటుంది. అది ఎలా బయటికి వస్తుందో ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు చూసి పెట్టుకోండి. ఇంజిన్ తిరుగుతూ అంటుకోకుండా, డాష్‌బోర్డు మీద కీ బొమ్మ మెరుస్తుంటే కారు చిప్‌ను గుర్తించడం లేదన్నమాట. చౌకగా చేయించిన, చిప్ లేని డూప్లికేట్‌తో డోర్ తెరుచుకుని బండి కదలకపోవడం ఇందుకే.

రెండు కీలలో ఒకటి పోయినప్పుడే మూడోది చేయించాలి, ఇంకొకటి ఉంది కదా అని ఆగొద్దు. ఒక కీ చేతిలో ఉండగా ఇంకోటి కారుకు నేర్పించడం చిన్న పని, రెండూ పోయాక అది కారును తాళ్లేసి లాక్కెళ్లే పనవుతుంది, కొన్ని కార్లలో కారు కంప్యూటర్ మార్చేదాకా పోతుంది. పైగా కారు దొంగతనం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు అసలు కీలూ అడుగుతారు, ఒకటి పోయిందని ముందే పోలీసు ఫిర్యాదు లేకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కులొస్తాయి. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు టైర్లు, రంగు చూసినంత శ్రద్ధగా రెండో కీ అడగండి, లేదంటే పాత కీలను కారు మెమరీ నుంచి తీసేయించి కొత్తవి నేర్పించుకోండి.

కీ లోపల పెట్టి డోర్ పడిపోతే ఇనుప స్కేలు అద్దం సందులో దూర్చే పాత పద్ధతి ఇప్పటి కార్లకు వద్దు, డోర్లలో వైర్లు ఎక్కువ, కొన్నింటిలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు కూడా ఉంటాయి. పని తెలిసినవాళ్లు చిన్న గాలి సంచితో డోర్ పై అంచును కొద్దిగా ఎడం చేసి, పొడవాటి కడ్డీతో లోపలి బటన్ నొక్కుతారు. అయితే లోపల పసిపిల్లలుంటే ఆ పని తెలిసినవాళ్ల కోసం ఎదురుచూడొద్దు. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆగి ఉన్న కారులో ఇరుక్కుని నలుగురు పిల్లలు చనిపోయారు. పిల్లలకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని, మధ్యలో కాదు, మూలన, మొనదేలిన గట్టి ఇనుముతో కొట్టాలి, అది చిన్న ముక్కలై రాలిపోతుంది. ముందు అద్దం మీద టైమ్ పోగొట్టుకోవద్దు, అది రెండు అద్దాల మధ్య పొర ఉండేది, పగిలినా విడిపోదు.

వెనక డోర్ లోపలి హ్యాండిల్ పనిచేయడం లేదని ఆరు నెలలుగా ‘తర్వాత చూద్దాం’ అంటున్న ఇళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినాలి, ఆ డోర్‌ను ఈ వారమే బాగు చేయించండి. పిల్లలకు మూడు పనులు నేర్పండి: వెనక డోర్ రాకపోతే ముందు సీట్లోకి ఎక్కాలని, ముందు డోర్లకు చైల్డ్ లాక్ ఉండదు కాబట్టి అక్కడి హ్యాండిల్ లాగాలని, అదీ రాకపోతే హారన్ నొక్కుతూనే ఉండాలని. చాలా కార్లలో ఇంజిన్ ఆపేసి ఉన్నా హారన్ మోగుతుంది. ఒక సాయంత్రం వాకిట్లో కారు నిలిపి, మీరు పక్కనే నిలబడి, వాళ్లతో ఒకసారి చేయించి చూడండి.